ఎంతసేపట్లో ఎక్కించారు?

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము నరంలోకి ఎక్కాలంటే తక్కువలో తక్కువ వంద నిమిషాలు పట్టాలి. ఒకసారి నా చేతి మీదుగా అందులో సగానికి పైగా పది నిమిషాల్లోనే లోపలికి వెళ్లిపోయింది. అది మొదటి తప్పు. "ఎంతసేపట్లో ఎక్కిస్తున్నారు సిస్టర్?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే "గంటకు పెట్టాను సర్" అన్నాను. అది రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను, రెండోది తెలిసే చేశాను. ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడం కొత్తగా వార్డులో అడుగుపెడుతున్న చెల్లెళ్ల కోసం. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని డ్రిప్ వైపే చూస్తుండే ఇంటివాళ్ల కోసం కూడా.

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డు. మంచాలు నిండి, ఇంకొందరు కింద చాపల మీద ఉండేవారు. నైట్ డ్యూటీకి రాగానే ముందు ఎనిమిది గంటల ఇంజెక్షన్లు. ట్రాలీ మీద వయల్స్ వరసగా పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోవాలి. దానికి వార్డులో ఒక పద్ధతి స్థిరపడిపోయి ఉంది. ఏ యాంటీబయాటిక్ అయినా సరే, 100 మి.లీ. సెలైన్ బాటిల్‌లో కలుపు, స్టాండుకు తగిలించు, గొట్టం మీది రోలర్ తెరువు, పక్క మంచానికి వెళ్లు. నాకన్నా ముందు చేరినవాళ్లు అలాగే చేసేవారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

ఆ పద్ధతి చాలాసార్లు ఇబ్బంది పెట్టదు. అసలు చిక్కు అక్కడే ఉంది. సెఫ్‌ట్రయాక్సోన్, పిపెరాసిల్లిన్-టాజోబాక్టమ్ లాంటివి 100 మి.లీ.లో అరగంటకు పెడితే సరిపోతుంది. మేం రోజూ వాడేవి ఎక్కువగా అవే. కాబట్టి ఆ అలవాటే అన్ని మందులకూ సూత్రమైపోయింది.

ఆ రోజు మందు మారింది. షుగర్ వల్ల కాలికి పుండు పడి వచ్చిన ఒక పెద్దాయనకు చీము కల్చర్‌లో ఎం.ఆర్.ఎస్.ఏ. వచ్చింది. మామూలు పెనిసిలిన్లకు, సెఫలోస్పోరిన్లకు లొంగని స్టెఫిలోకాకస్ అది. కేస్ షీట్‌లో కొత్త ఆర్డర్: ఇంజెక్షన్ వాంకోమైసిన్ 1 గ్రాము, ఐ.వి., బి.డి., అంటే నరంలోకి, రోజుకు రెండుసార్లు. దేనిలో కలపాలో లేదు, ఎంతలో కలపాలో లేదు, ఎంతసేపు ఎక్కించాలో లేదు. అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. రెండు 500 మి.గ్రా. వయల్స్ కరిగించి, 100 మి.లీ. సెలైన్‌లో వేసి, తగిలించి, రోలర్ తెరిచి వెళ్లిపోయాను.

నాలుగో మంచం దగ్గర ఉండగా ఆయన భార్య పరుగున వచ్చింది. "అమ్మా, మా ఆయన ఒళ్లంతా గోక్కుంటున్నాడు, ఒకసారి రండి." వెళ్లేసరికి మెడ, ఛాతీ రెండు చేతులతో గోక్కుంటున్నాడు. "మంట పుడతంది తల్లీ, తల తిరుగుతంది" అన్నాడు. ఆయనది బాగా నల్లటి ఒళ్లు. ఎర్రబడ్డదీ లేనిదీ చూపుకు తెలియలేదు, చెయ్యి వేస్తే వేడి తెలిసింది. బీపీ కొంత పడింది. డ్రిప్ ఆపి డ్యూటీ డాక్టర్‌కు కబురు పెట్టాను. ఆయన వచ్చి ఊపిరితిత్తులు విన్నారు, పిల్లికూతలు లేవన్నారు. అలర్జీ మందు అవిల్, స్టెరాయిడ్ హైడ్రోకార్ట్ ఇప్పించి, బాటిల్ వైపు చూసి ఆ ప్రశ్న వేశారు.

అడిగిన తీరులోనే ఏదో తేడా చేశానని అర్థమైంది. ఏం తేడా చేశానో మాత్రం తెలియలేదు. ఉద్యోగం కొత్త, భయం పాతది. నోటికి వచ్చింది చెప్పాను. ఆయన నమ్మారు. నమ్మబట్టే కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో 'వాంకోమైసిన్ అలర్జీ' అని రాశారు.

పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు ఆ ఎర్ర అక్షరాలు చూసి మందు మార్చమన్నారు. మార్చాలనుకున్న టైకోప్లానిన్ ఆ రోజు మా స్టోర్‌లో లేదు. బయట కొనుక్కోవాలని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని ఆయన భార్య నా దగ్గరికే వచ్చింది. "ఎంతవుద్దమ్మా ఇది? రోజూ కొనాలా?" నా డ్యూటీ అయిపోయింది, బ్యాగు భుజానికి తగిలించుకుని ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నేరుగా హెడ్ నర్స్ మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ తిట్టలేదు, ఊరడించనూ లేదు. "నడువు, డాక్టరుగారు ఇంకా వార్డులోనే ఉన్నారు" అని నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. డాక్టరుగారికి నేనే చెప్పాను. ఆయన కాసేపు కేస్ షీట్ చూసి అన్నారు: "రాత్రే చెప్పి ఉంటే ఈయన అలర్జీ పేషెంట్ అయ్యేవాడు కాదు." ఆ సాయంత్రం అదే వాంకోమైసిన్‌ను 250 మి.లీ. సెలైన్‌లో కలిపి, ముందు అలర్జీ మందు ఇచ్చి, రెండు గంటలు పట్టేలా నిమిషానికి దాదాపు 42 చుక్కల చొప్పున, ఒక నర్సు పక్కనే ఉండి ఎక్కించారు. దురద లేదు, మంట లేదు. ఎర్ర అక్షరాలు కొట్టేసి, మందు వేగంగా ఎక్కినందువల్ల వచ్చిన రియాక్షన్ అని డాక్టరుగారు తన చేత్తో రాశారు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. వాంకోమైసిన్ వేగంగా రక్తంలోకి వస్తే శరీరంలోని మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. దురద, మంట, ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడటం, బీపీ పడటం దానివల్లే. అసలైన అలర్జీలో లాగా ఆ మందు ముందెప్పుడో ఒంట్లోకి వెళ్లి ఉండనక్కరలేదు, మొట్టమొదటి డోసుకే రావచ్చు. వేగం తగ్గిస్తే చాలామందిలో మళ్లీ రాదు. అసలైన అలర్జీ అయితే ఆ మందు వైపే వెళ్లకూడదు. ఒకదానికి మందు నెమ్మది చేయాలి, రెండోదానికి మందు మానేయాలి. రెండింటినీ విడదీసి చూడటానికి డాక్టర్ చేతిలో ఉండే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి, ఎంతసేపట్లో ఎక్కిందన్న నర్సు మాట. ఆ ఆధారాన్నే నేను చెడగొట్టాను. నా అబద్ధం అలాగే నిలిచి ఉంటే, ఆ మనిషి జీవితాంతం ఏ ఆసుపత్రికి వెళ్లినా పనికొచ్చే మందు ఒకటి ఆయనకు దూరమయ్యేది.

ఆర్డర్‌లో మందు పేరు, మిల్లీగ్రాములు చూసి డోసు అంతేననుకున్నాను. నిజానికి అది సగం డోసే. దేనితో కరిగించాలి, ఎంతకు పలచన చేయాలి, ఎంతసేపట్లో ఎక్కించాలి, దేనితో కలవకూడదు అన్నవి మిగతా సగం. ఆ సగం కాగితం మీద లేకపోతే అడిగి రాయించుకోవాలి. ఊహించుకోకూడదు.

పలచన సంగతి ముందు చెబుతాను. వాంకోమైసిన్ మి.లీ.కి 5 మి.గ్రా. మించకూడదు. అంటే గ్రాముకు కనీసం 200 మి.లీ. నేను 100 మి.లీ.లో కలిపి రెట్టింపు చిక్కగా ఇచ్చాను. వేగం నిమిషానికి 10 మి.గ్రా. మించకూడదు, డోసు చిన్నదైనా గంటకు తగ్గకూడదు. అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. అయితే 250 మి.లీ.లో గంట, లేదా 500 మి.లీ.లో మూడు గంటలు. దాన్ని సిరంజితో నేరుగా నెట్టడం అసలు పనికిరాదు. ఏమికాసిన్‌కు అరగంట నుంచి గంట. యాంపిసిలిన్ గ్రాము సిరంజితో ఇచ్చినా పది, పదిహేను నిమిషాలు పట్టాలి, తొందరపడితే ఫిట్స్ రావచ్చు. మరోపక్క సెఫ్‌ట్రయాక్సోన్ గ్రామును 10 మి.లీ.లో కరిగించి రెండు నుంచి నాలుగు నిమిషాల్లో నిదానంగా నెట్టవచ్చు, మెరోపెనెమ్‌నూ మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఇవ్వవచ్చు. ఏ మందు లెక్క దానిదే.

నెమ్మదిగా ఎక్కించడమంటే ఆలస్యంగా మొదలుపెట్టడం కాదు. సెప్సిస్‌తో షాక్‌లోకి వెళ్లిన మనిషికి మొదటి యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. మొదలుపెట్టడంలో తొందర కావాలి, ఎక్కించడంలో ఆ మందు అడిగినంత నిదానం కావాలి. కొన్ని మందులకు నిదానం వల్ల పనితనం కూడా పెరుగుతుంది. పిపెరాసిల్లిన్-టాజోబాక్టమ్‌ను నాలుగు గంటలు, మెరోపెనెమ్‌ను మూడు గంటలు నడిపించమని ఐసీయూలలో డాక్టర్లు రాయడం అందుకే. ఆ జాతి మందులు రక్తంలో తగినంత మోతాదులో ఎంత ఎక్కువసేపు నిలిస్తే సూక్ష్మజీవులను అంత బాగా చంపుతాయి.

చుక్కల లెక్క నాకు నర్సింగ్ పరీక్షలో వచ్చింది, వార్డులో రాలేదు. మనం వాడే మామూలు సెట్లు చాలావరకు మి.లీ.కి 20 చుక్కలవి. ప్యాకెట్ మీద ఆ సంఖ్య ఉంటుంది, చూసుకోవాలి. మైక్రో సెట్ అయితే 60. మి.లీ.లను 20తో గుణించి నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో తెలుస్తుంది. 200 మి.లీ. వంద నిమిషాల్లో వెళ్లాలంటే 40 చుక్కలు. 100 మి.లీ. అరగంటలో వెళ్లాలంటే దాదాపు 67. వాచీ చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు. చెయ్యి మడిచినా, పక్కకు తిరిగినా, స్టాండు ఎత్తు మారినా ఆ లెక్క మారిపోతుంది. అందుకే కాసేపాగి మళ్లీ వెళ్లి లెక్కపెట్టాలి.

బాటిల్ ఖాళీ అయినంత మాత్రాన డోసు పూర్తయినట్టు కాదు. సెట్ గొట్టంలో దాని పొడవును బట్టి 15, 20 మి.లీ. మిగిలిపోతుంది. 100 మి.లీ. బాటిల్ అయితే దాదాపు ఆరో వంతు మందు అన్నమాట. మేం ఆ సెట్‌ను అలాగే తీసి చెత్తబుట్టలో వేసేవాళ్లం. కాస్త సెలైన్ అదే వేగంతో నడిపిస్తే ఆ మందూ పేషెంట్‌కు చేరుతుంది.

కలవకూడని వాటి పాఠం మరో వార్డులో, మరో నర్సు పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్) వెళ్తున్న లైన్‌లోనే సెఫ్‌ట్రయాక్సోన్ ఇవ్వబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆర్.ఎల్.లో కాల్షియం ఉంటుంది. సెఫ్‌ట్రయాక్సోన్ కాల్షియంతో కలిస్తే గడ్డలా అవక్షేపం ఏర్పడుతుంది. నవజాత శిశువుల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో అలాంటి అవక్షేపం చేరి ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాత అమెరికా ఎఫ్.డి.ఏ. 2007లో హెచ్చరిక జారీచేసి, 2009లో దాన్ని సవరించింది. 28 రోజుల లోపు పసిబిడ్డకు కాల్షియం ద్రవాలు ఎక్కుతున్నా, ఎక్కించాల్సి వచ్చేలా ఉన్నా సెఫ్‌ట్రయాక్సోన్ ఇవ్వనే కూడదు. పెద్దవాళ్లలో కూడా ఒకే లైన్‌లో కలవనివ్వకూడదు. ఆర్.ఎల్. ఆపి, సెలైన్‌తో లైన్ బాగా కడిగి, అప్పుడు ఇవ్వాలి. అదే మందును కండరానికి ఇచ్చేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకైన్‌తో కరిగిస్తారు. అలా కరిగించింది పొరపాటున కూడా నరంలోకి వెళ్లకూడదు.

ఏమికాసిన్, జెంటామైసిన్‌లను పెనిసిలిన్ జాతి మందులతో ఒకే బాటిల్‌లో కలిపితే వాటి బలం దెబ్బతింటుంది. యాంపిసిలిన్ గ్లూకోజ్‌లో త్వరగా బలహీనపడుతుంది, దానికి సెలైనే మేలు. ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ సంగతి దీనికి తలకిందులు. అది 5 శాతం గ్లూకోజ్‌లోనే కలవాలి, సెలైన్ తగిలితే విరిగిపోతుంది. 2021లో కొవిడ్ రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్ కేసులు వచ్చినప్పుడు ఆ మందు దొరకడమే గగనమైంది. అంత కష్టపడి తెచ్చిన వయల్‌ను అలవాటు కొద్దీ సెలైన్‌లో కలిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పిల్లల వార్డులో చిక్కు ఇంకోరకం. వయల్‌లో కొంతే వాడి మిగతాది ఫ్రిజ్‌లో పెడతారు. సెఫ్‌ట్రయాక్సోన్ గ్రాముకు 9.6 మి.లీ. నీళ్లు కలిపితే పొడి ఆక్రమించే చోటుతో సహా 10 మి.లీ. అవుతుంది, మి.లీ.కి 100 మి.గ్రా. ఒక నర్సు సగం నీళ్లే పోసి చీటీ అంటించకుండా వెళ్లిపోతే, తర్వాత షిఫ్ట్‌లో వచ్చినామె మామూలు లెక్కనే 2.5 మి.లీ. తీస్తుంది. 250 మి.గ్రా. వెళ్లాల్సిన బిడ్డకు దాదాపు 500 వెళ్తుంది. కరిగించిన క్షణమే చీటీ అంటించాలి: మందు పేరు, మి.లీ.కి ఎన్ని మి.గ్రా., ఏ ద్రవం, తేదీ, టైం, కలిపినవాళ్ల సంతకం. ఒకసారి కరిగించిన మందు ఎన్ని గంటలు నిలుస్తుందో కంపెనీ కాగితంలో ఉంటుంది. ఆ గడువు దాటితే పారేయాలి.

మా ట్రాలీ మీద ఇంకో దురలవాటు ఉండేది. 500 మి.లీ. సెలైన్ బాటిల్‌కు ఒక నీడిల్ గుచ్చి, అలాగే వదిలేసి, వార్డులో అందరి మందులూ అందులోంచే తీసి కరిగించేవాళ్లం. నీటిలోనే బతికి పెరిగే సూక్ష్మజీవులు అందులో ఒకసారి చేరితే, యాంటీబయాటిక్ పేరుతో వార్డు మొత్తానికీ ఇన్‌ఫెక్షన్ పంచినట్టే. ఒక మనిషికి ఒక యాంప్యూల్, ఒక సిరంజి. వయల్ రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి గుచ్చాలి. మూత తీసిన కొత్త వయల్ కదా అని తుడవకుండా గుచ్చేయడం కూడా తప్పే.

ఆ యాంప్యూల్ తీసేటప్పుడు కూడా పేరు చదవాలి. 10 మి.లీ. స్టెరైల్ వాటర్, 10 మి.లీ. పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్స్ చాలాచోట్ల చూడటానికి ఒకేలా ఉంటాయి. పొటాషియం పలచన చేయకుండా వేగంగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. దాన్ని యాంటీబయాటిక్ ట్రాలీ మీద ఉంచనే కూడదు, వేరే అరలో తాళం వేసి పెట్టాలి. తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, పారేసే ముందు ఒకసారి పేరు చదవమని మేడమ్ చెప్పేవారు. మూడోసారి చదువుతున్నప్పుడు చేతిలో వేరే యాంప్యూల్ కనిపించినా, మందు ఇంకా పేషెంట్ దాకా వెళ్లలేదు కదా.

టెస్ట్ డోస్ గురించి కూడా ఒక మాట. టెస్ట్ డోస్‌కు ఏమీ కాలేదు కాబట్టి ఇక భయం లేదని చాలామంది ధీమాగా ఉంటారు. నేనూ ఉన్నాను. పాత కేస్ షీట్ చూడటం, ఇదివరకు ఏ మందు పడలేదని పేషెంట్‌నూ ఇంటివాళ్లనూ అడగడం దానికన్నా ముఖ్యం. మొదటి కొద్ది నిమిషాలు మంచం దగ్గరే నిలబడాలి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగుసుకున్నా, బీపీ పడిపోయి మనిషి వాలిపోతున్నా ముందు డ్రిప్ ఆపాలి, డాక్టర్‌ను పిలవాలి. అలాంటప్పుడు మొదటి మందు అవిల్ కాదు, అడ్రినలిన్. పెద్దవాళ్లకు మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే యాంప్యూల్ నుంచి అర మి.లీ., తొడ బయటివైపు కండరానికి. అవిల్, హైడ్రోకార్ట్ ఆ తర్వాతి మాట. అడ్రినలిన్ యాంప్యూల్ ట్రాలీ మీద ఉందో లేదో చూడకుండా ఒక్క యాంటీబయాటిక్ కూడా కలపకూడదు.

ఆ సంఘటన తర్వాత మేడమ్ మందుల గదిలో గోడకు ఒక చార్ట్ అంటించారు. వార్డులో వాడే ప్రతి యాంటీబయాటిక్‌కూ దేనిలో, ఎంతలో, ఎంతసేపు, నిమిషానికి ఎన్ని చుక్కలు, దేనితో కలపకూడదు అన్న గడులు. డాక్టర్లకు చూపించి సంతకం చేయించారు. మందుల చార్ట్‌లో 'ఇచ్చాను' అన్న టిక్కు బదులు మొదలైన టైం, ముగిసిన టైం రాయమన్నారు. మొదట్లో మాకు అది అదనపు చాకిరీ అనిపించింది. తర్వాత తెలిసింది, ఆ రెండు టైములూ ఉంటే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు.

నా అబద్ధానికి భయం ఒక్కటే కారణమని ఇప్పుడు అనుకోవడం లేదు. చేసిన తప్పు చెబితే మెమో వస్తుందేమో అన్న వాతావరణంలో నిజం చెప్పేవాళ్లు తక్కువ. ఇద్దరు నర్సులు యాభై మందికి మందులు కలపాల్సిన చోట వాచీ చూసే తీరిక కూడా తక్కువ. ఇవి నిజమే కానీ, ఆ రాత్రి పెద్దాయన గోక్కుంటున్నప్పుడు నిజం చెప్పడానికి సిబ్బంది కొరత అడ్డు రాలేదు. నేనే అడ్డు వచ్చాను. హెడ్ నర్సులూ, డాక్టర్లూ చేయాల్సింది ఒక్కటే: తప్పు చేశానని చెప్పినవాళ్ల మాట ముందు వినండి. మా మేడమ్ ఆ పొద్దున నన్ను వార్డు మధ్యలో నిలబెట్టి అరిచి ఉంటే, తర్వాతి తప్పు నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

పేషెంట్ వెంట ఉండేవాళ్లకు ఒక విన్నపం. బస్సు వేళ అయిందనో, బాటిల్ నెమ్మదిగా దిగుతోందనో రోలర్ ముట్టుకోవద్దు. "కాస్త స్పీడు పెంచండమ్మా" అని ఒత్తిడి చేయవద్దు. ఇది ఏ మందు, ఎంతసేపు ఎక్కాలి అని ధైర్యంగా అడగండి, అది మీ హక్కు. దురద, మంట, చలి, ఆయాసం, సూది ఉన్నచోట నొప్పో వాపో వస్తే అర్ధరాత్రయినా లేపండి. ఏ మందుకు ఏ రియాక్షన్ వచ్చిందో రాయించుకుని చీటీ దాచుకోండి. మందుల వల్ల కలిగే దుష్ప్రభావాలను ఎవరైనా తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

కొత్తగా చేరే చెల్లెళ్లకు చెప్పేది ఇదే. తెలియని మందు చేతికి వస్తే అడగండి, అడిగినందుకు ఎవరూ చిన్నవాళ్లు కారు. తప్పు జరిగితే అప్పటికప్పుడే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తొందరగా ఎక్కిన మందును ఆపి, పలచన చేసి, మళ్లీ సరిగా ఎక్కించవచ్చు. తప్పుడు టైం కేస్ షీట్‌లోకి ఎక్కితే మాత్రం, ఆ తర్వాత డాక్టర్ తీసుకునే ప్రతి నిర్ణయమూ దాని మీదే నిలబడుతుంది.